కడిగి ఇచ్చిన బకెట్లు

నాకు ముక్కు ఎక్కువ. పొడవు కాదు, పని ఎక్కువ చేస్తుంది. పదహారేళ్లుగా లాండ్రీ నడుపుతున్నదాన్ని. బట్టల మూట విప్పీ విప్పకముందే ఆ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరు చాటుగా సిగరెట్టు తాగుతున్నారో, ఎవరి తలగడ మీద చొంగ కారుతోందో చెప్పేస్తాను. మా ఆయన నన్ను పోలీసు కుక్క అంటాడు. అననీ. ఆ ముక్కు నాకు ముందే చెప్పింది. నేనే వినలేదు.

ముందు షాపు, వెనక ఇల్లు, ఆ వెనక బట్టలుతికే గది. మా ఆయన పొరుగూళ్లో పని చేస్తూ వారానికోసారి వస్తాడు. మిగతా రోజులు ఇంట్లో నేనూ, అత్తయ్యా. ఆవిడ మా దగ్గరికొచ్చి ఎనిమిది నెలలైంది. అంతకుముందు ఉన్న చోట గుమ్మంలో నిలబడితే పది మంది పలకరించేవారట. ఇక్కడ ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. దాంతో పొద్దస్తమానం నా ఇస్త్రీ బల్ల పక్కన కుర్చీ వేసుకుని చెవిలో జోరీగలా మాట్లాడేది. మంచి మనిషే. కానీ చొక్కా కాలరు కాలిపోతుందేమోనని నేను చూసుకుంటుంటే, వేళ్ల నొప్పుల గురించి ఎంతసేపని చెబుతుంది? పైగా ఎప్పుడో పెద్ద జ్వరం వచ్చి ఆవిడకి వాసన తెలియకుండా పోయింది. "మనిద్దరికీ కలిపి ఒక ముక్కు చాలేదే అమ్మాయ్, దేవుడు రెండూ నీకే ఇచ్చేశాడు" అని నవ్వేది.

ఆ నస భరించలేక 'మన వీధి' ఆవిడ ఫోనులో పెట్టింది నేనే.

'మన వీధి' అంటే మా వీధివాళ్లంతా వాడే యాప్. కుక్కపిల్ల తప్పిపోయిందనీ, నీళ్లు రాలేదనీ, పాత సోఫా ఎవరికైనా కావాలా అనీ అందులో రాసుకుంటారు. నడిపేది రిటైరైన పోస్ట్‌మాస్టరు గారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. కొత్తవాళ్లు చేరాలంటే పాతవాళ్లు ఇద్దరు 'తెలుసు' అన్న బటన్ నొక్కాలి. అత్తయ్యకి అంకెలు గుర్తుండవు కాబట్టి కుడి బొటనవేలు పెడితే ఫోను తెరుచుకునేలా చేశాను. ఆ వేలికి ఎప్పుడో కూరగాయల కత్తి కోసుకుని ఏటవాలుగా ఒక మచ్చ పడింది. ఆ మచ్చతో సహా వేలిని గుర్తు పట్టించడానికి నాలుగుసార్లు నొక్కించాల్సొచ్చింది.

వారం తిరక్కుండానే అత్తయ్య వీధిలో అందరికీ చుట్టమైపోయింది. నా ఇస్త్రీ బల్ల పక్కన కుర్చీ ఖాళీ. హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కంపరం పుడుతుంది.

ఒకరోజు ఆవిడ ఫోను పట్టుకుని వచ్చింది. "అమ్మాయ్, ఎవరో కొత్తవాళ్లు చేరతామంటున్నారు. నేను తెలుసని నొక్కాను. నువ్వూ నొక్కు."

పేరు 'వెనకింటివాళ్లు'. చిరునామా పద్దెనిమిదో నంబరు, వెనక వైపు. ఫొటో ఉండాల్సిన చోట మనిషి లేడు. తళతళలాడే ఒక బకెట్టు ఉంది.

"మీకు తెలుసా వీళ్లు?"

"తెలీదు. పాపం, కొత్తగా వచ్చినవాళ్ల మొహం మీద తెలీదంటే ఏం బాగుంటుంది? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది."

నా కుడిచేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. ఎదురుగా పళ్ల డాక్టరు గారి తెల్లకోటు ఉంది. వాదించే ఓపిక లేదు. ఎడమచేతి వేలితో నొక్కేశాను.

వెనకింటివాళ్లు మర్యాదస్తులు. మొక్కలకి ఎరువు చేసుకుంటాం, మీ వంటింటి చెత్త మాకివ్వండి, బకెట్లో వేసి వెనక సందులో గేటు దగ్గర పెడితే చాలు, బకెట్టు కడిగి మరీ ఇస్తాం అని రాశారు. వీధంతా ఎగిరి గంతేసింది. చెత్తబండి కోసం ఎదురుచూసే బాధ తప్పుతుందిగా! పాచిపోయిన కూరలు, టీ పిప్పి, కుళ్లిన టమాటాలు, చేపల పొలుసులు... అన్నీ ఆ గేటు దగ్గరికి చేరేవి. మర్నాటికి బకెట్లన్నీ వరసగా ఎవరి గుమ్మం ముందు వాళ్లవి ఉండేవి. కొన్నప్పుడైనా అంత మెరిసి ఉండవు.

మా బకెట్టు మొదటిసారి తిరిగొచ్చినప్పుడు చేతిలోకి తీసుకున్నాను. సబ్బు వాసన లేదు. నీళ్ల తడి లేదు. లోపల వేలు పెడితే కాస్త జిగురుగా తగిలింది. అడుగున ఇంకా గోరువెచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

తలగడ గలీబు వాసన. రాత్రంతా చొంగ కారి, ఆరి, మళ్లీ కారిన వాసన.

ఛీ! బకెట్టు అక్కడే పారేసి, చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. అది కడిగింది కాదు... నాకింది. ఆ మాటే యాప్‌లో రాశాను. ఎవరైనా నమ్మితేగా! "మీ సబ్బులు అమ్ముడుపోవట్లేదా ఏంటి మేడమ్?" అని ఒకరు, "ఇంత శుభ్రంగా మా పనమ్మాయి కూడా తోమదు" అని ఇంకొకరు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే జనం.

తర్వాత వాళ్ల కోరికలు పెరిగాయి. మంగలి షాపాయన్ని ఊడ్చిన జుట్టు అడిగారు. పళ్ల డాక్టరు గారితో, వాడిన దూది పారెయ్యకండి అన్నారు. ఆయన నవ్వే బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. నాకు విడిగా రాశారు.

'ఉతకని బట్టలు ఒక్కపూట మా దగ్గర ఉంచండి. చంకలు, కాలర్లు మేమే శుభ్రం చేస్తాం. జ్వరం వచ్చినవాళ్లవైతే మరీ మంచిది.'

ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. వెంటనే వాళ్ల సందేశాలు నాకు రాకుండా ఆపేశాను. అత్తయ్యని కూడా ఆపమన్నాను. ఆవిడ మొహం ముడుచుకుంది.

"నీకన్నీ కంపే. వాళ్లు రోజూ నా వేళ్ల నొప్పి ఎలా ఉందని అడుగుతారు. ఇంట్లో ఉన్నదానివి, నువ్వెప్పుడైనా అడిగావా?"

అడగలేదు మరి.

ఆ మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి భోజనానికని షాపు తలుపు దగ్గరికి వేసి ఇంట్లోకి వెళ్లాను. అత్తయ్య లేదు. మంచం కింద చెప్పులూ లేవు. నా ఫోను చూస్తే యాప్‌లో అందరికీ కనబడేలా ఆవిడ రాసిన మాట ఉంది.

'వెనకింటివాళ్లు ఇంటికి రమ్మన్నారు. వేళ్ల నొప్పులు తీసేస్తారట. ఈ వీధిలో నన్ను ఇంటికి పిలిచినవాళ్లు వీళ్లే.'

కింద పదకొండు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

కాలికి చెప్పులు లేకుండానే పరుగెత్తాను. సందు మలుపులో పోస్ట్‌మాస్టరు గారు ఎదురొచ్చారు. ఆయన చేతిలోనూ ఫోను ఉంది. మొహం పాలిపోయి ఉంది.

"ఏమ్మా, పద్దెనిమిది వెనక కాపురం ఎవరుంటారు? అది పాత మోటారు గది. కింద నీళ్ల తొట్టి తప్ప ఏం లేదు. ఇరవై ఏళ్లుగా తాళం."

"మరి మీరెలా చేర్చుకున్నారు?" అరిచాను.

"ఇద్దరు తెలుసన్నారు కదమ్మా. అందులో ఒకరు మీరే."

ఆయన్ని దాటుకుని పరుగెత్తాను, ఆయనా నా వెనకే వచ్చారు.

వెనక సందులో ఎండ మండిపోతోంది. ఒక్క ఈగ లేదు. అన్ని రోజులు అంత చెత్త పెట్టిన గేటు దగ్గర ఒక్క చీమ కూడా లేదు. నేల మీద సిమెంటు మెరుస్తోంది. మోటారు గది తలుపు ఓరగా తెరిచి ఉంది. పోస్ట్‌మాస్టరు గారు గేటు దగ్గరే ఆగిపోయారు. ఆయన్ని తప్పు పట్టను. ఆ వాసన నాకు మాత్రమే కాదు, అప్పటికి ఆయనకీ తెలిసింది.

ముందు చొంగ వాసన. దాని వెనక పుండు కట్టు విప్పినప్పటి వాసన. దాని వెనక... తీపి. చంటిపిల్లల నోటి దగ్గర వచ్చే పాల తీపి. ఆ మూడోదానికే నాకు వాంతి గొంతు దాకా వచ్చింది. దిగమింగుకున్నాను. లోపలికి వెళ్లాను.

చల్లగా ఉంది. గోడలు నున్నగా ఉన్నాయి. సున్నం లేదు, తుప్పు లేదు, బూజు లేదు. నేల నుంచి పైకప్పు దాకా అన్నీ నున్నగా... తడిగా. పాదం జిగురుకి అంటుకుంటోంది. ఎత్తిన ప్రతిసారీ చప్పుడవుతోంది.

అది కాక ఇంకో చప్పుడు.

చప్... చప్... చప్...

పిల్లి పాలు తాగినట్టు. కానీ నెమ్మదిగా. రుచి చూస్తూ.

అత్తయ్య ఒక బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుంది. కళ్లు మూసుకుంది. మొహంలో నవ్వు. ఒళ్లో ఫోను. నేలలో ఉన్న తొట్టి మూత కాస్త పక్కకి జరిగి ఉంది. ఆ సందులోంచి ఆవిడ కుడిచెయ్యి మోచేతి దాకా లోపలికి ఉంది.

"అత్తయ్యా..."

"ష్... గట్టిగా మాట్లాడకు." కళ్లు తెరవలేదు. "ఎంత హాయిగా ఉందో తెలుసా. నొప్పి చేత్తో తీసేసినట్టు పోతోంది."

"చెయ్యి బయటికి తియ్యండి."

"మధ్యలో లేస్తే వాళ్లేమనుకుంటారే?"

ఆవిడ చేతిని భుజం దగ్గర పట్టుకుని లాగాను. రాలేదు. అటువైపు నుంచి ఎవరూ లాగట్లేదు. ఊరికే... వదలట్లేదు. చప్పుడు ఆగింది. ఆవిడ ఒళ్లో ఫోను గుర్రుమంది. తెర మీద వెనకింటివాళ్ల మాట.

'ఇంకొంచెం.'

రెండు కాళ్లూ గోడకి తన్నిపెట్టి లాగాను. పాత ప్లాస్టరు ఊడినట్టు నెమ్మదిగా, కొంచెం కొంచెంగా వచ్చింది. తొట్టిలోంచి ఒక వేడి గాలి నా మొహానికి కొట్టింది. పాల తీపి. ఫోను మళ్లీ గుర్రుమంది.

'రెండో చెయ్యి ఉంది కదా.'

ఆవిణ్ణి ఎలా ఎత్తానో, ఎలా బయటపడ్డానో నాకు తెలీదు. గేటు అవతల కక్కుకున్నాను. అత్తయ్య పక్కన నిలబడి నా వీపు నిమిరింది. ఎడమచేత్తోనే నిమిరింది, దేవుడి దయ.

ఇంటికి తెచ్చి ఆ చెయ్యి కడిగాను. సబ్బు, సోడా, బట్టల మరకలకి వాడే మందు, ఏది దొరికితే అది. వాసన పోయింది. చర్మం ఎక్కడా చిట్లలేదు. వెలుతురులో పెట్టి చూశాను. అరచేతిలో ఒక్క గీత లేదు. వేళ్ల మీద ముడతలు లేవు. గోళ్లు పల్చటి గాజు పెంకుల్లా ఉన్నాయి. బొటనవేలి మీద కత్తి మచ్చ లేదు.

"నొప్పి మాత్రం లేదే" అంది అత్తయ్య, చంటిపిల్లలా వేళ్లు ముడుస్తూ తెరుస్తూ. అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఒళ్లో తల పెట్టి, రోజూ నేనే అడుగుతాను, రోజూ నేనే నూనె రాస్తాను అని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆవిడ ఫోను ఇక తెరుచుకోలేదు. నున్నటి వేలు ఎన్నిసార్లు పెట్టినా గుర్తు పట్టలేదు. అంకెల తాళం ఏం పెట్టానో నాకూ గుర్తు రాలేదు. తెరుచుకోకపోవడమే మంచిదని షాపు బల్ల సొరుగులో పడేసి తాళం వేశాను.

మర్నాడు పోస్ట్‌మాస్టరు గారు వెనకింటివాళ్లని జాబితాలోంచి తీసేశారు. నలుగురు మగవాళ్లు వెళ్లి తొట్టి మూత ఎత్తారు. లోపల నడుం లోతు కూడా లేదట. నీళ్లు లేవు, చెత్త లేదు, దారి లేదు. అద్దంలా ఉందట. పైన సిమెంటు పోసేశారు. వీధి మళ్లీ చెత్తబండి కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. నన్ను వెక్కిరించినవాళ్లు ఎవరూ క్షమాపణ చెప్పలేదు, నేనూ అడగలేదు. అత్తయ్య కుర్చీ నా ఇస్త్రీ బల్ల పక్కకి తిరిగొచ్చింది. ఆవిడ మాట్లాడుతుంటే నేను వింటున్నాను. నిజంగానే వింటున్నాను.

ఇవాళ పొద్దున తొమ్మిదికి ఆవిడ ఏదో చెబుతుండగా నా ఫోను మోగింది. 'మన వీధి'. కొత్తవాళ్లు చేరతామంటున్నారు. ఫొటో లేదు. చిరునామా చదివాను. మా ఇంటి నంబరే. వెనక వైపు, బట్టలుతికే గది.

కింద ఇలా ఉంది. 'తెలుసు అన్నవారు ఒకరు. ఇంకొకరు చాలు.'

ఆ ఒకరి పేరు చూశాను. అత్తయ్య పేరు. నా పక్కనే, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అత్తయ్య పేరు.

"ఎవరే?" అంది.

"ఎవరూ కాదు" అన్నాను.

సొరుగు తాళం వేసినట్టే ఉంది. తీశాను. ఫోను వెలుగుతోంది. తెరిచి ఉంది. అద్దం మీద తడిగా ఒక బొటనవేలి ముద్ర ఉంది. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. వాటి మధ్యలో ఏటవాలుగా, కత్తి గాటు మచ్చ.