బుధవారం పోస్టు

"'చెవిలో మాట' బ్లాగు రాసేది మీరేనా?"

షాపు తలుపు తోసుకుని లోపలికి వస్తూనే ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. బయట వాన దంచి కొడుతోంది. చేతిలో గొడుగు ఉంది గానీ, దాన్ని తెరిచిన జాడ లేదు. జుట్టు చివర్ల నుంచి కారిన నీళ్ళు మా తెల్లటి గచ్చు మీద చిన్న మడుగు కడుతున్నాయి.

నేను గబుక్కున లేచి నిలబడ్డాను. బ్లాగు మొదలుపెట్టిన ఏడాదిలో ఒక పాఠకురాలు నన్ను వెతుక్కుంటూ రావడం అదే మొదలు.

"నేనేనండీ," అన్నాను వీలైనంత వినయంగా.

"మరి బుధవారం పోస్టులన్నీ ఎందుకు పీకేశారు?"

వినయం కాస్తా జారిపోయింది.

నేను వినికిడి యంత్రాలు అమర్చే టెక్నీషియన్ని. కళ్ళద్దాల దుకాణం పైన మా షాపు. చెవి కొలతలు తీయడం, చెవిలో పట్టే అచ్చు చేయించడం, యంత్రాన్ని మనిషికి సరిపెట్టడం నా పని. వచ్చినవాళ్ళందరూ అవే ప్రశ్నలు అడుగుతుంటే, సమాధానాలు ఒకచోట ఉంటే బాగుంటుందని బ్లాగు పెట్టాను. ఒక్కో వ్యాసానికి పదిహేను రోజులు పట్టేది. పది మందిని అడిగి, యంత్రాలు విప్పి చూసి, రాసి, కొట్టేసి, మళ్ళీ రాసేవాణ్ణి. చదివేవాళ్ళు నలభై మంది. అందులో మా అక్క ఒకతి, అదీ మొహమాటానికి.

"ఒరేయ్, పదిహేను రోజులకోసారి వచ్చి పాఠం చెప్పి మాయమైతే నిన్నెవరు గుర్తుపెట్టుకుంటార్రా?" అంది అక్కే ఒకసారి. "మధ్యలో ఏదైనా తేలికైనది పెట్టు. జనం నవ్వుకుంటారు, నువ్వు బతికే ఉన్నావని తెలుస్తుంది."

అలా ప్రతి బుధవారం నాలుగు లైన్ల పోస్టు మొదలైంది. దానికి 'అన్నదొకటి, వినపడిందొకటి' అని పేరు. మొదటిది ఇది: వాన మొదలవుతుంటే భార్య లోపల్నుంచి "గొడుగు తీసుకెళ్ళండి" అని కేకేసింది. ఆయన కొడుకుని తీసుకెళ్ళాడు. ఇద్దరూ తడిసి ఇంటికొచ్చారు.

పదకొండు వారాలు సాగింది. పన్నెండో వారం ఎవరో పెద్దమనిషి కామెంటు పెట్టాడు: "విషయమున్న బ్లాగు అనుకున్నాను. కాలక్షేపంలోకి దిగారన్నమాట." నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అన్నీ తీసేశాను.

"అవి ఊరికే, ఖాళీ నింపడానికి పెట్టినవండీ," అన్నాను ఆ అమ్మాయితో. "నా అసలు వ్యాసాలు అలాగే ఉన్నాయి. చదివారా?"

"చదివాను. మా నాన్నకీ చూపించాను. మూడో పేరాలో నిద్రపోయారు."

"మూడో పేరాలోనే కదా అసలు సంగతి మొదలయ్యేది!"

"అందుకే చెప్తున్నా." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు కాస్త తగ్గింది. "మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపారండీ, ఇంజిను పక్కనే కూర్చుని. చెవులు పోయాయి. మిషను కొన్నాం. పెట్టుకోరు, సొరుగులో పడేశారు. రెండేళ్ళుగా ఎవరితోనూ మాట్లాడరు, ఎక్కడికీ రారు. మీ గొడుగు పోస్టు చూపిస్తే పడీపడీ నవ్వారు. ప్రతి బుధవారం పొద్దున్నే 'వచ్చిందా?' అని అడుగుతారు. పోయిన బుధవారం లేదు. ఈ బుధవారమూ లేదు. ఇంట్లో మళ్ళీ మాటల్లేవు."

తల తుడుచుకోమని ఆమెకి తువ్వాలు అందించాను. "మీరేం చేస్తుంటారు?" అన్నాను.

"రైల్వే స్టేషన్లో అనౌన్సర్ని. ఊరంతా నా మాట వింటుంది. మా నాన్న తప్ప."

ఆ సాయంత్రం పదకొండు పోస్టులనీ తిరిగి పెట్టేశాను. పెద్దమనిషి కామెంటు కింద, "అవునండీ, కొంచెం కాలక్షేపం కూడా," అని జవాబు రాశాను. ఆ వాక్యం రాసే ధైర్యం ఇచ్చింది ఆమె. అందుకు ఇప్పటికీ ఆమెకి రుణపడి ఉన్నాను.

*

ఆ తర్వాత ప్రతి మంగళవారం సాయంత్రం ఆమె ఫోన్ చేసేది, రేపటి పోస్టుకి సరుకు ఇవ్వడానికి. స్టేషన్లో రోజూ వేలమంది, అక్కడ దొరకని పొరపాటు ఉండదు. ఫోన్లో ఆమె "హలో" అంటే చాలు, నాకు సామాను సర్దుకుని లేచి నిలబడాలనిపించేది. ఆ మాటే అన్నాను ఒకసారి.

"అయితే రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి రండి," అంది నవ్వుతూ. "టీ తాగుదాం."

వెళ్ళాను. పేపరు గ్లాసులో టీ చల్లారిపోయింది గానీ కబుర్లు తెగలేదు. ఆమె మాట్లాడేటప్పుడు కుడి కనుబొమ్మ కొంచెం పైకి లేస్తుందని ఆ రోజే గమనించాను. గమనించానని ఆమె గమనించింది.

"ఏంటి చూస్తున్నారు?"

"చెవి కొలత," అన్నాను.

"కొలత కనుబొమ్మ దగ్గర తీస్తారా?"

మంగళవారాలకి శుక్రవారాలు కలిశాయి. పోస్టులకి చదివేవాళ్ళు పెరిగారు, నలభై మంది కాస్తా నాలుగు వేలయ్యారు. వాళ్ళ నాన్న యంత్రాన్ని సొరుగులోంచి తీశారని, రోజూ గంటసేపు పెట్టుకుంటున్నారని ఆమె చెప్పినప్పుడు నేను షాపులో ఈలవేశాను.

ఒక శుక్రవారం ఆమె ఇంకో సంగతి చెప్పింది. రెండేళ్ళ కింద నాన్న స్నేహితుడు రిటైరైతే డిపోలో సభ పెట్టారట. "రెండు మాటలు చెప్పండి" అని నాన్నని పిలిచారట. ఆయనకి "రెండు పాటలు" అని వినపడింది. స్నేహితుడి మీద ప్రేమతో స్టేజీ ఎక్కి, కళ్ళు మూసుకుని, రెండు పాటలు పూర్తిగా పాడారు. కళ్ళు తెరిచేసరికి హాలంతా నవ్వుతోంది. ఎవరో ఫోన్లో వీడియో కూడా తీశారు.

"ఆ రోజు నుంచే ఎక్కడికీ రావడం మానేశారు," అంది. "ఇది బ్లాగుకి కాదు. మీకు చెప్పాలనిపించి చెప్పాను."

"నాకు తెలుసు," అన్నాను.

తెలిసినవాణ్ణి తెలిసినట్టు ఉండాలి కదా. ఉండలేకపోయాను. అప్పటికి రెండు నెలలుగా పెద్ద వ్యాసం ఒక్కటీ రాయలేదు. నాలుగు లైన్లకి నాలుగు వేలమంది చప్పట్లు కొడుతుంటే పదిహేను రోజుల కష్టం ఎవరికి కావాలి? ఆ మంగళవారం ఆమెకి డ్యూటీ మారి ఫోన్ రాలేదు. బుధవారం తెల్లారింది, చేతిలో ఏమీ లేదు. బస్సుని లారీ చేసి, డిపోని ఆఫీసు చేసి, రెండు పాటల సంగతి రాసి పెట్టేశాను. పేరు లేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

అంతకు ముందెప్పుడూ రానన్ని నవ్వు బొమ్మలు వచ్చాయి.

మధ్యాహ్నం ఆమె వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"నాన్న చదివారు," అంది. "మిషను తీసి సొరుగులో పెట్టి మూసేశారు."

"నేను... పేరు లేకుండానే..."

"బుధవారం ఖాళీ నింపుకోవడానికి మా నాన్న దొరికారా మీకు?"

అరిచినా బాగుండేది. స్టేషన్లో రైలు ఆలస్యం గురించి చెప్పేటప్పటి గొంతుతో, నిదానంగా, స్పష్టంగా అంది. "ఇంకో మాట. నెల రోజులుగా ఆయన మిషను ఈల వేస్తోంది. ఎందుకో తెలుసుకుందామని మీ బ్లాగంతా వెతికాను. జోకులు ముప్పై ఉన్నాయి. ఈల గురించి ఒక్క ముక్క లేదు."

తలుపు మూసుకుంది. అచ్చు వదులైతే యంత్రం ఈల వేస్తుంది. కొత్త అచ్చుకి కొలత తీయడం ఐదు నిమిషాల పని.

*

పోస్టు తీసేశాను. అక్కకి చెప్తే, "క్షమాపణ ఫోన్లో చెప్పకు. ఏదైనా చెయ్యి," అంది.

నాలుగు రోజులు సెలవు పెట్టాను. రెండు చెవుల్లోనూ స్పాంజి బిరడాలు దూర్చి, పైన శబ్దం ఆపే హెడ్‌ఫోన్లు బిగించుకుని, మామూలుగా బతకడానికి ప్రయత్నించాను. ఇన్నేళ్ళుగా చెవులు వినపడనివాళ్ళ మధ్య పనిచేస్తూ, ఒక్కసారి కూడా ఆ పని చేయలేదని అప్పుడు తట్టింది.

మొదటి రోజు సరదాగానే ఉంది. నేనుండేది అక్కావాళ్ళింట్లోనే. రెండో రోజు సాయంత్రం భోజనాల బల్ల దగ్గర బావ ఏదో అన్నాడు. అక్క నవ్వింది, పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. దేనికి నవ్వానో నాకు తెలియదు. "ఏంటి?" అని అడిగితే అక్క చెయ్యి ఊపింది, "ఏం లేదులే" అన్నట్టు. మా అక్క చెడ్డది కాదు. అయినా ఆ చెయ్యి ఊపడం ఎంతసేపో కళ్ళముందు ఆడింది. మూడో రోజు భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాను. నాలుగో రోజు గదిలోంచి బయటికి రాలేదు.

బిరడాలు తీసేశాక, ఉన్నది ఉన్నట్టు రాశాను. చాలా పొడుగైంది. మూడో పేరా దాకా ఆగకుండా, బావ జోకు దగ్గరే మొదలుపెట్టాను. చివర్లో యంత్రం ఎందుకు ఈల వేస్తుందో, అచ్చు ఎలా సరిచేయించుకోవాలో వివరంగా చెప్పాను. అన్నిటికన్నా ముందు, ఒక పెద్దాయన బాధని అడగకుండా వాడుకున్నానని, అది తప్పని రాశాను.

రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు ఒక కామెంటు వచ్చింది. "అర్థం కాకుండా నవ్వే ఆ నవ్వు నాకు రెండేళ్ళుగా తెలుసు. ఇంకెవరికైనా తెలుసని ఇవాళ తెలిసింది. నిద్ర పోకుండా చివరిదాకా చదివాను. రేపు వస్తాను. ఈల ఆపండి."

మర్నాడు పొద్దున షాపు తెరవకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నారాయన. పక్కన ఆమె. తలుపు తీసి లోపలికి వెళ్ళాక కూడా నా మొహం వైపు చూడలేదు గానీ, నాకు కుర్చీ మాత్రం జరిపింది.

నేను ఆయన ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా నిదానంగా చెప్పాను. "అంకుల్, తప్పు చేశాను. క్షమించండి."

"పోస్టు ఎందుకు తీసేశావు?" అన్నారాయన.

బిత్తరపోయాను.

"మళ్ళీ పెట్టు. ఇప్పుడు నేను చెప్తున్నా కాబట్టి పెట్టు. లారీ కాదు, బస్సని రాయి. రెండు పాటలూ బాగా పాడానని కూడా రాయి. నిజంగానే బాగా పాడాను."

నా కళ్ళు చెమర్చాయి. చెవి కొలత తీస్తున్నట్టు తల వంచుకున్నాను. పైకెత్తేసరికి ఆమె కుడి కనుబొమ్మ లేచి ఉంది.

అప్పట్నుంచి నా బ్లాగుకి ఒక పద్ధతి వచ్చింది. పదిహేను రోజులకో పెద్ద వ్యాసం, మధ్యలో బుధవారాలు. వ్యాసం రాయకపోతే బుధవారం పోస్టు కూడా ఉండదు. ఎవరి సంగతైనా వాళ్ళని అడిగాకే. ఆ పద్ధతి నేను కనిపెట్టలేదు. సగం ఆమె ఇచ్చింది, సగం వాళ్ళ నాన్న.

*

కొత్త అచ్చు వచ్చిన వారానికి ఆయన్ని స్టేషన్‌కి తీసుకెళ్ళాను. రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చోబెట్టి, రణగొణధ్వని తగ్గేలా యంత్రాన్ని సరిచేశాను. సన్నగా వాన పడుతోంది. ట్రాలీలు, పిల్లల ఏడుపులు, టీ కేకలు. ఆయన ఒక్కో శబ్దానికీ తల తిప్పుతున్నారు.

అప్పుడు పై నుంచి ఆమె గొంతు వినిపించింది. ప్రయాణికులు దయచేసి గమనించాలని, ఐదో నంబరు మీదికి బండి వస్తోందని.

ఆయన లేచి నిలబడ్డారు. బండి పేరు, నంబరు, సమయం, అన్నీ అయ్యేదాకా అలాగే నిలబడి విన్నారు. పక్కన సంచీతో నిలబడ్డ ఎవరో పెద్దావిడతో, "మా అమ్మాయండీ," అన్నారు. ఆవిడకి అర్థం కాక పైకి చూసింది. "ఆ మాట్లాడేది. మా అమ్మాయి."

పది నిమిషాల బ్రేక్ దొరకగానే ఆమె మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. ఆయన ఆమె తల నిమిరారు. "ఇంట్లో ఇంత మర్యాదగా ఎప్పుడైనా మాట్లాడావా?" అన్నారు. ఆమె నవ్వుతూ ఏడ్చింది. తర్వాత ఆయన బెంచీ మీద కూర్చుని రైళ్ళు చూడసాగారు. మేమిద్దరం వెనకాల నిలబడ్డాం.

"థాంక్స్," అంది మెల్లగా.

"నేను చెప్పాలి. ఆ రోజు మీరు తిట్టడానికి రాకపోతే నేను ఇంకా పాఠాలు చెప్తూ ఉండేవాణ్ణి. రెండోసారి తిట్టకపోతే ఉత్త జోకులు చెప్తూ ఉండేవాణ్ణి."

"అయితే ఇంకేం కావాలి?"

"జీవితాంతం తిట్టేలా మీరు నాతోనే ఉంటే బాగుండుననిపిస్తోంది."

ఆమె పట్టాల వైపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. అది నా రంగం కాబట్టి కచ్చితంగా చెప్పగలను.

"సరే," అంది.

"ఏమన్నారు?"

"సరే అన్నాను."

"నాకు వినపడిందమ్మా," అన్నారు బెంచీ మీంచి, వెనక్కి తిరగకుండానే. "రెండుసార్లూ."

ఇద్దరం బిగుసుకుపోయాం. రెండేళ్ళుగా ఆయన ముందు గుట్టుగా మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆయన తల తిప్పి నన్ను కింది నుంచి పైదాకా చూశారు. బస్సు నడిపిన కళ్ళు, అద్దంలో వెనక వచ్చే బండిని చూసినట్టు. తర్వాత నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నేనూ సరే అంటున్నాను," అన్నారు. "ఇక వెళ్ళమ్మా, తర్వాతి బండి సంగతి చెప్పు. వింటాం."