చేయి నంబరు మూడు

"గోధుమ. చేయి నంబరు మూడు," అంది ల్యాబు గోడ.

గదిలో ఉన్న ముగ్గురూ ఒక్కసారే హైమ చేతుల వంక చూశారు. హైమ కూడా చూసుకుంది. పొద్దున్న చింతపండు పిసికిన చేతులు, గోళ్ళ పక్కన ఇంకా నల్లగానే ఉన్నాయి. గబుక్కున కొంగు కిందకి లాక్కుంది. అలా దాచుకుంటే తప్పు చేసినదానిలా కనపడుతుందని ఆ తర్వాత తోచింది. అప్పటికే ఆమె భర్త భుజంగరావు మొహం ఎర్రబడిపోయింది.

"చూశారా డాక్టరుగారూ? రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను. పిల్ల ఏడిస్తే చాలు, ఈవిడ మనసు కరిగిపోతుంది. బిస్కెట్టో, పూరీయో చాటుగా పెట్టేస్తుంది."

"నేనేం పెట్టలేదండీ," అంది హైమ.

"గోడ అబద్ధం చెప్తుందా?"

ఆ గోడ సంగతి చదివేవాళ్ళకి కాస్త చెప్పాలి. సముద్రం పెరిగి బందరు సగం మునిగాక, జనం సిమెంటు స్తంభాల మీద కట్టిన కొత్త ఊరికి మారారు. దాన్ని పైబందరు అంటారు. అక్కడ పొలం లేదు, పెరడు లేదు. ఉప్పు దగ్గర్నుంచి పప్పు దాకా అన్నీ ప్యాకెట్లలో కింది పడవల మీద వచ్చి లిఫ్టుల్లో పైకి ఎక్కుతాయి. ఏ ప్యాకెట్లో ఏం ఉందో తెలియక కడుపు జబ్బులు పెరిగిపోయాయి. అప్పుడు డాక్టర్ ఇందుశేఖర్ ఒక సెన్సార్ కనిపెట్టాడు. బియ్యపు గింజంత ఉంటుంది కాబట్టి జనం దాన్ని గింజ అనే పిలుస్తారు. మింగితే పేగు గోడకి అతుక్కుని మూడేళ్ళు ఉంటుంది. ఆ దారిన పోయే ప్రతి మెతుకునీ రుచి చూసి, పడని పదార్థం తగిలితే సిగ్నల్ ఇస్తుంది. ఇంట్లోనూ, ల్యాబులోనూ గోడకి పెట్టిన పలక ఆ మాట పైకి చెబుతుంది.

అంతవరకూ బాగానే ఉంది. ఇందుశేఖర్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఇంటింటి పెరుగు తోడు వేరుగా ఉన్నట్టే, ఏ మనిషి అరచేతి మీద ఉండే క్రిములు ఆ మనిషివే. ఇంకొకరితో కలవవు. అందుకని అన్నం ఎవరి చేతి మీదుగా వచ్చిందో కూడా గింజ చెప్పేస్తుంది. హైమ ఇంట్లో పదకొండేళ్ళ కూతురు నీలవేణి చేయి ఒకటి, తండ్రిది రెండు, తల్లిది మూడు. ఈ చేతి గుర్తింపుకే డాక్టరుకి అవార్డు వచ్చింది.

నీలవేణికి తొమ్మిదో ఏటి నుంచి కడుపునొప్పి. తిన్నది ఒంటికి పట్టదు, మెలికలు తిరిగిపోతుంది. గోధుమ పడదని రెండేళ్ళ కిందటే తేలింది. ఆ రోజే హైమ గోధుమ పిండి డబ్బా కడిగి బోర్లించింది. రవ్వ, సేమ్యా, బ్రెడ్డు గుమ్మం దాటి లోపలికి రాలేదు. నొప్పి మాత్రం తగ్గలేదు. చివరికి కిందటి వారమే పిల్ల చేత గింజ మింగించారు.

"అమ్మా, మీ మీద నాకు కోపం లేదు," అన్నాడు ఇందుశేఖర్ మెల్లగా. "కానీ రూలు చెప్పాలి. నెలలో మూడుసార్లు ఒకే చేయి నుంచి పడనిది వస్తే, గింజ తనంతట తానే వార్డు ఆఫీసుకి కబురు పంపేస్తుంది. వాళ్ళు వచ్చి పాపని సంరక్షణ గృహానికి తీసుకెళ్తారు. నేను ఆపలేను."

"ఈవిడకి అర్థమయ్యేలా చెప్పండి సార్. ఐదో తరగతి చదివింది," అన్నాడు భుజంగరావు.

"మూడంటే ఎంతో నాకు తెలుసు," అంది హైమ. ఎంత మెల్లగా అందంటే, పక్కనున్న నీలవేణికి తప్ప ఎవరికీ వినపడలేదు.

రెండో సిగ్నల్ నాలుగో రోజునే వచ్చింది. కందిపప్పు, చారు, అన్నం. అంతే పెట్టింది. ఆలస్యంగా వచ్చి కంచం ముందు కూర్చున్న భుజంగరావు చేయి కడుక్కోకుండానే అక్కకి ఫోను చేశాడు. మర్నాటి పడవకి రాజ్యం దిగింది.

రాజ్యం రాగానే చెంగు దోపుకుని వంటింట్లోకి వెళ్ళింది. "హైమా, పది రోజులు నువ్వు పొయ్యి దగ్గరికి రాకు. నీ చేయో, నా చేయో తేలిపోతుంది."

"మీ ఇష్టం వదినా. చారు పోపులో ఇంగువ అదిగో, ఆ పసుపు డబ్బాలో ఉంది."

"ఇంగువా! ఆ వాసనకే నాకు కడుపులో తిప్పుతుంది. మా ఇంట్లో పోపంటే వెల్లుల్లే. నువ్వెళ్ళి కూర్చో."

హైమ హాల్లో కూర్చుంది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో వంట పూట అలా కూర్చోవడం అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక చేతుల వంక చూసుకుంటూ ఉండిపోయింది. అదే పప్పు, అదే బియ్యం, అదే ఉప్పు, అదే పెరుగు. రాజ్యం వండి పెట్టింది. పలక నోరు మెదపలేదు. మూడో రోజుకి నీలవేణి నిద్రలో మూలగడం మానేసింది. ఆరో రోజుకి రెండోసారి అన్నం అడిగింది.

"చూశావా తమ్ముడూ," అంది రాజ్యం, హైమకి వినపడేలాగానే. "కన్నతల్లి కదా అని నేను నోరు మూసుకున్నాను ఇన్నాళ్ళూ. కొందరికి పిల్లలు మంచాన ఉంటేనే బాగుంటుంది. తమ చుట్టూ తిరుగుతారని."

హైమ పళ్ళు బిగపట్టింది. కూతురు అన్నం అడిగిందన్న సంతోషం ఒక పక్కా, ఈ మాట ఒక పక్కా.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నీలవేణి పక్కింటి పిల్లతో కలిసి ఉప్పూ కారం అద్దుకుని పచ్చి మామిడికాయ తినేసి వచ్చింది. కడుపు పట్టుకుని, "అమ్మా," అంది. రాజ్యం నిద్రపోతోంది. భుజంగరావు లిఫ్టు మరమ్మతుకి వెళ్ళాడు. హైమ ఏ తల్లైనా చేసే పనే చేసింది. గ్లాసుడు మజ్జిగలో ఉప్పు వేసి, పసుపు డబ్బాలోంచి చిటికెడు ఇంగువ వేసి, వేలితో కలిపి పిల్లకి పట్టించింది. నొప్పి కాస్త ఎక్కువగా ఉందనిపించి, ఇంకో చిటికెడు వేసింది.

గంటన్నర తర్వాత పలక మాట్లాడింది. "గోధుమ. చేయి నంబరు మూడు. మూడోసారి. వార్డు ఆఫీసుకి తెలియజేశాం. రేపు ఉదయం పది గంటలకు వస్తారు."

రాజ్యం లేచి వచ్చి లబలబలాడింది. భుజంగరావు వచ్చాక ఇల్లు దద్దరిల్లిపోయింది.

"ఏం పెట్టావే? చెప్పు. ఏం పెట్టావు?"

"మజ్జిగ."

"మజ్జిగలోంచి గోధుమ వస్తుందా?"

ఆ మాటకి హైమ తలెత్తింది. ఆయన తిట్టడానికి అన్నాడు. ఆమెకి మాత్రం అది ప్రశ్నలా వినపడింది. మజ్జిగలోంచి గోధుమ ఎలా వస్తుంది? మజ్జిగలో ఉన్నవి మూడే. పెరుగు, ఉప్పు, ఇంగువ. ఆ పెరుగు వదిన తొమ్మిది రోజులూ పెట్టింది. ఆ ఉప్పే తొమ్మిది రోజులూ వేసింది. పలక పలకలేదు. ఇంక మిగిలింది...

ఆమె వంటింట్లోకి వెళ్ళి పసుపు డబ్బా చేతిలోకి తీసుకుంది. పైన ఏనుగు బొమ్మ, "శుద్ధమైన ఇంగువ" అని తెలుగులో పెద్ద అక్షరాలు. అడుగున చీమ తలకాయంత ఇంగ్లీషు. డబ్బా తిప్పి తిప్పి చూసింది. ఒక్క ముక్క అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ల్యాబు తలుపు తీసేసరికి మెట్ల మీద హైమ కూర్చుని ఉంది. వెనక భుజంగరావు, చెయ్యి పట్టుకుని నీలవేణి. ఇందుశేఖర్ నోరు తెరిచేలోపే ఆమె డబ్బా బల్ల మీద టప్పున పెట్టింది.

"దీన్ని అడగండి."

"ఇంగువ కదమ్మా ఇది? అరుగుదలకి మంచిది. మా అమ్మ కూడా..."

"మీ అమ్మగారి సంగతి నాకొద్దండీ. మీ గోడని అడగండి."

ఆ గొంతు విని భుజంగరావు కూడా వెనక్కి తగ్గాడు. డాక్టరు చెంచాతో కాస్త పొడి తీసి ట్యూబులో వేశాడు. గోడ మీద లైటు రెండుసార్లు వెలిగింది.

"గోధుమ పిండి. వందలో అరవై పాళ్ళు," అంది గోడ. ఆ మీద యథాప్రకారం, "చేయి నంబరు మూడు."

ఇందుశేఖర్ భూతద్దం తీసి డబ్బా అడుగు చదివాడు. "అవునమ్మా. ఉంది. ఇక్కడ రాసే ఉంది. ఉత్త ఇంగువ మరీ ఘాటుగా ఉంటుంది కదా, అందుకని పిండి కలుపుతారు. ఇది తెలిసిన విషయమే."

"ఎవరికి తెలిసిన విషయం?" అంది హైమ.

"అంటే... తయారు చేసేవాళ్ళకి..."

"వండేదానికి తెలియక్కర్లేదా? పిల్ల తినే వస్తువులు ఎన్ని పరీక్ష చేశారు మీరు?"

"డెబ్బై రెండు."

"ఇంగువ?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది తిండి కాదు, మందు అనుకున్నాం. లిస్టులో పెట్టలేదు."

"మందు!" అంది హైమ. "పుట్టిన పదకొండో రోజున పిల్ల బొడ్డు చుట్టూ రాశాను. నొప్పి అన్నప్పుడల్లా మజ్జిగలో వేశాను. తగ్గకపోతే ఇంకో చిటికెడు వేశాను. నా చేత్తో నేను రెండేళ్ళు... మీ మిషను నా చేతి మీద క్రిములు లెక్కపెట్టింది. మీలో ఒక్కరు, ఒక్కసారి, 'ఏమేం వేశావమ్మా, మొదట్నుంచి చెప్పు' అని అడిగారా? అడిగితే చెప్పేదాన్ని కదా. ఐదో తరగతి చదివినా ఆ మాత్రం చెప్పగలను."

"పోనీలేవే," అన్నాడు భుజంగరావు. "దొరికింది కదా. ఇంక గొడవెందుకు?"

"దొరికింది. మీకు దొరకలేదు. నాకు దొరికింది," అంది ఆయన వైపు తిరిగి. "దొంగతిండి పెడతానన్నారు. పిల్ల మంచాన ఉంటే నాకు బాగుంటుందని మీ అక్కగారంటే వింటూ అన్నం తిన్నారు. మళ్ళీ కలుపుకుని తిన్నారు."

నీలవేణి తండ్రి చెయ్యి వదిలేసి తల్లి పక్కకి వచ్చి నిలబడింది.

ఇందుశేఖర్ కబురు పెట్టడంతో పది గంటలకి వార్డు ఆఫీసరు ఇంటికి రాకుండా ల్యాబుకే వచ్చాడు. అంతా విన్నాడు. పాపని తీసుకెళ్ళక్కర్లేదన్నాడు. హైమ ఊపిరి పీల్చుకుంది.

"కాకపోతే రికార్డు మారదమ్మా," అన్నాడు తన చేతిలోని పలక చూపిస్తూ. "ఇందులో రెండే గడులున్నాయి. పదార్థం, చేయి. డబ్బాకి గడి లేదు. మూడుసార్లు చేయి నంబరు మూడు అని పడిపోయింది. గింజ కరిగేదాకా, అంటే మూడేళ్ళు, మీ చేయి తగిలిన అన్నం పాప కడుపులో పడితే పలక మోగుతుంది. మేం రావాల్సి ఉంటుంది."

"గోధుమ లేకపోయినా?"

"లేకపోయినా."

"గ్లౌజులు వేసుకుంటే?" అన్నాడు భుజంగరావు.

"గ్లౌజుల్లోంచి కూడా పట్టేస్తుందండీ," అన్నాడు ఇందుశేఖర్ నేల చూస్తూ. "అవార్డు వచ్చింది దానికే."

రాజ్యాన్ని ఉండమని తమ్ముడు బతిమాలాడు. ఆవిడకి ఉన్నట్టుండి తన ఇల్లు గుర్తొచ్చింది. సాయంత్రం పడవకి వెళ్ళిపోయింది. వెళ్తూ హైమ మొహం వంక చూడలేదు.

ఇంక ఆ ఇంట్లో మిగిలింది చేయి నంబరు రెండు.

ఆ చేయి అంతకు ముందు గరిటె పట్టి ఎరగదు. మొదటి రోజు అన్నం పాయసంలా అయింది. రెండో రోజు అడుగంటింది. హైమ గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. "కడిగిన నీళ్ళు పారబొయ్యండి. ఇంకోసారి. వేళ్ళతో కలపండి, పాముని ముట్టుకున్నట్టు ముట్టుకోకండి." ఆమె గొంతులో జాలి లేదు. పొయ్యి మీదది పొయ్యి మీద ఉండగానే ముందు తనకి వడ్డించమని వేడిగా తినేసేది. భుజంగరావు అందరికంటే ఆఖరున, చల్లారిపోయింది తినేవాడు. నీలవేణి మాత్రం నెల తిరిగేసరికి రెండు కిలోలు పెరిగింది.

"నాన్నా, చారులో ఉప్పు లేదు."

"రేపు వేస్తానమ్మా."

నలభయ్యో రోజు మధ్యాహ్నం ముగ్గురూ భోజనం చేసి లేచిన గంటన్నరకి, గోడ మీద పలక గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు చేసింది.

"గోధుమ. చేయి నంబరు రెండు."

గిన్నెలు తోముతున్న భుజంగరావు చేతిలోంచి గరిటె జారిపడింది. చేతులు చొక్కా కింద దాచుకుంటూ హాల్లోకి వచ్చాడు. మొహం పాలిపోయింది.

"నేనేం పెట్టలేదే. ఒట్టు. నేనేం పెట్టలేదు. ఈ గోడ... ఈ గోడకి పిచ్చి పట్టింది. హైమా, నన్ను నమ్ము. నువ్వైనా నమ్ము."

ఆయన భుజం మీదుగా హైమకి వంటింటి చెత్తబుట్ట కనపడుతోంది. అందులోంచి చారుపొడి ప్యాకెట్టు మూల ఒకటి బయటికి చూస్తోంది. దాని మీద నిమ్మకాయలంత అక్షరాలతో, "ఇంగువ ఘుమఘుమలతో" అని తెలుగులోనే రాసి ఉంది. ఆమె చదివేసింది.

గోడ గడియారంలో పెద్ద ముల్లు ఐదు నిమిషాలు కదిలేదాకా ఆయన్ని అలాగే చెమటలు పట్టనిచ్చింది. ఆ తర్వాత పీట ముందుకి జరిపింది.

"కూర్చోండి. ఇవాళ ఏమేం వేశారో చెప్పండి. పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి, ఒక్కొక్కటీ. నేను వింటాను."