జానెడు దిగిన సీసపు గుండు

శుక్రవారం ఉదయం ఎనిమిదింటి నుంచి మర్జుకి కనిపించడం లేదు.

డెబ్బై నాలుగేళ్ల మనిషి. జెపారా ఊళ్ళో పేరున్న కొయ్య చెక్కడం పనివాడు. ఫోన్ మంచం మీదే ఉంది. షుగర్ మాత్రలు కిటికీ గూట్లోనే ఉన్నాయి. శనివారం సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ వినార్తి ఇల్లంతా వెతికింది. ఏమీ దొరకలేదు. తలుపుకు తాళం వేసి, తాళంచెవి అతని తమ్ముడి కొడుకు హర్యాదికి ఇచ్చింది.

మంగళవారం పదకొండింటికి కస్మినా ఫోన్ చేసింది. ఆమె మర్జుకి చెల్లెలు. పక్కింట్లోనే అన్నం కొట్టు నడుపుతుంది.

"అమ్మా, తొందరగా రండి! హర్యాదిగాడు మా ముత్తాత గడియారం అమ్మేస్తున్నాడు. అన్న బతికుంటే దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిస్తాడా?"

బతికుంటే. వినార్తి జీపు తాళాలు అందుకుంది. మాత్రలు లేకుండా నాలుగు రోజులు. శనివారం తను దేన్ని చూడకుండా వచ్చేసింది?

పదకొండు ఇరవైకి ఆమె ఆ ఇంటి హాల్లో ఉంది.

గడియారం మనిషికన్నా ఎత్తు. నల్లబడిన టేకు. నిలువెల్లా తీగలు, తీగల మధ్య పిట్టలు. టిక్కు టిక్కుమంటూ నడుస్తోంది. సెమరాంగ్ నుంచి వచ్చిన వ్యాపారి సుదర్మో టేపు పెట్టి కొలుస్తున్నాడు.

"పాక్‌దే, మా పెదనాన్న, పాలెంబాంగ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళాడు మేడం," అన్నాడు హర్యాది. "అమ్మేయమని ఆయనే చెప్పాడు."

"మీ పెదనాన్న రాలేదని కూతురు చెప్పింది."

"దారిలో ఉంటాడు."

"నాలుగు రోజులుగానా?"

హర్యాది నుదురు తుడుచుకున్నాడు.

"నేను తాళం వేశాక ఇంట్లోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు."

"నువ్వు?"

"ఒట్టు మేడం. ఇవాళ పదిన్నరకి, ఈయన ఎదురుగానే తలుపు తీశాను."

సుదర్మో తలూపాడు. "మేం అడుగు పెట్టేసరికి అరగంట కొట్టింది. టైము కూడా కరెక్టు. మంచి సరుకండీ."

వినార్తి గడియారం కింది తలుపు తెరిచింది. గొలుసుకి సీసపు గుండు వేలాడుతోంది. ఇంకా పైనే ఉంది.

"దీనికి ఎన్నాళ్ళకోసారి కీ ఇవ్వాలి?"

"ఇది ఒక్కరోజు గడియారం. రోజూ గొలుసు లాగాలి. గుండు పైనుంచి కిందికి దిగడానికి ముప్పై గంటలు. ఆ తర్వాత ఆగిపోతుంది," అన్నాడు సుదర్మో.

"అంటే నేను తాళం వేసిన శనివారం నుంచి లెక్కేసినా, ఆదివారం రాత్రికి ఆగాలి." వినార్తి లోపల చెయ్యి పెట్టి కొలిచింది. "గుండు మొత్తం అయిదడుగులు దిగాలి. దిగింది జానెడు. నాలుగున్నర గంటల నడక. ఈ ఉదయం ఆరున్నర, ఏడు మధ్య ఎవరో గొలుసు లాగారు. ఎవరు హర్యాదీ?"

హర్యాది సుదర్మో వైపు చూశాడు.

"నేనే. బేరగాడు వస్తాడని... గొలుసు లాగి వెళ్ళిపోయాను. అంతే."

"ఒరేయ్!" గుమ్మంలోంచి కస్మినా అరిచింది. "నాలుగు రోజులుగా పొద్దున్నే ఆరింటికి నా కొట్లో రెండు పొట్లాలు కట్టించుకుంటున్నావు. ఒకటి నీకు. రెండోది ఏ దెయ్యానికిరా?"

వినార్తి హర్యాది వైపు ఒక అడుగు వేసింది.

అన్నం పెడుతున్నాడంటే ముసలాయన బతికే ఉన్నాడు. ఎక్కడ?

అప్పుడే పొగ వాసన వచ్చింది. హర్యాది చూపు పెరటి కిటికీకి అతుక్కుపోయింది.

"ఇవాళ కాదు... మా పనివాడు పొనిమిన్ కొలిమి రేపు కదా వెలిగించాల్సింది!"

వినార్తికి అర్థమైంది. పెరట్లో టేకు పలకలు ఎండబెట్టే గది. కింద కొలిమి, పైన ఇనుప తలుపు. పచ్చి పలకలు ఆరుతున్నాయి, తెరిస్తే పగులుతాయని శనివారం హర్యాది చెప్పాడు. తను నమ్మింది.

"తాళంచెవి!"

అతని వేళ్ళలోంచి అది జారి కింద పడింది. వినార్తి అందుకుని పరుగెత్తింది.

పనివాడు పొనిమిన్ కొలిమిలోకి కట్టెలు తోస్తున్నాడు.

"నిప్పు లాగెయ్!"

"వానొస్తుందని ఒక రోజు ముందే—"

"లాగెయ్యవయ్యా! లోపల మనిషున్నాడు!"

ఇనుప తలుపు అప్పటికే వెచ్చబడింది. తాళం తిరగలేదు. "అన్నా! అన్నా!" కస్మినా రెండు చేతులతో తలుపు బాదింది. లోపలి నుంచి జవాబు లేదు. మూడోసారికి తాళం తిరిగింది. వేడి గాలి ముఖాన కొట్టింది.

పలకల దొంతరల మధ్య, చాప మీద, మర్జుకి ఒరిగి పడి ఉన్నాడు. వినార్తి అతని మెడ మీద వేళ్ళు పెట్టింది. ఏమీ తెలియలేదు. ఇంకాస్త నొక్కింది. సన్నగా, పట్టుతప్పుతూ, నాడి కొట్టుకుంటోంది.

చూరు కిందికి మోసుకొచ్చారు. అంబులెన్స్‌కి ఫోన్ చేశారు. కస్మినా తడిగుడ్డతో అన్న పెదాలు అద్దింది.

హర్యాది నేల మీద కూలబడ్డాడు. "గడియారం అమ్మకం కాగితం మీద సంతకం పెట్టమన్నాను. పెట్టనన్నాడు. ఒక్క రాత్రి బెదిరిస్తే చాలనుకున్నా. పోలీసులు వచ్చేసరికి నాకే భయం పట్టుకుంది. బేరం అయ్యాక వదిలేద్దామనుకున్నా మేడం."

వినార్తి బేడీలు బయటికి తీసింది. హర్యాదే మణికట్లు ముందుకు చాపాడు.

మర్జుకి కళ్ళు తెరిచాడు.

"రోజూ అన్నం తెచ్చేవాడు," అన్నాడు చెల్లెలితో. "తలుపు సందులోంచి తోసేవాడు. ఎన్నిసార్లు పిలిచానో. ఒక్కసారీ పలకలేదు."

"పాక్‌దే..." అన్నాడు హర్యాది.

ముసలాయన ముఖం చెల్లెలి ఒడిలోకి తిప్పేసుకున్నాడు.