అన్నీ కరెక్టే చెప్పాను నాన్నా!

"తల కదపకే, పాపిట వంకర పోతోంది" అంటూ లీలావతి కూతురి జడ విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

సింగపూర్లోని బూన్ లేలో తొమ్మిదో అంతస్తులో ఉన్న ఆ ఫ్లాట్‌లో ప్రతి ఉదయం ఇదే హడావిడి. స్టవ్ మీద ఉప్మా అడుగంటుతూ ఉంటుంది, టవల్ ఏదంటూ బాత్‌రూమ్‌లోంచి కృష్ణప్రసాద్ కేకలు పెడుతూ ఉంటాడు. ఈ గోలంతా తనకి పట్టనట్టు కీర్తిక కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది.

"ఏంటే ఆ గొణుగుడు? శ్లోకమా?"

"నో లా అమ్మా. నాన్న సాంగ్."

అప్పుడే బయటికొచ్చి చొక్కా గుండీలు పెట్టుకుంటున్న కృష్ణప్రసాద్ చెయ్యి ఆగింది. "బస్సు టైమైంది, ముందు దాన్ని కిందికి దించు" అన్నాడు గబగబా. ఈయన పాటలు ఎప్పటినుంచి నేర్పుతున్నాడా అని లీలావతి అనుకుంది కానీ అడిగే తీరిక లేకపోయింది. ఆ రోజు పదకొండింటికి డాక్టర్ నళిని దగ్గరికి వెళ్ళాలి. పోయిన వారం కీర్తికకి చేసిన పరీక్షల సంగతి ఆవిడ చెబుతానంది.

కీర్తికకి తొమ్మిదేళ్ళు. కథ ఒక్కసారి వింటే చాలు, రాక్షసుడి గొంతుతో సహా తిరిగి చెప్పేస్తుంది. అదే కథ పుస్తకంలో చూపించి చదవమంటే మొదటి వాక్యం దాటకుండానే చెమటలు పట్టేస్తాయి. ఒకే మాటని పేజీ పైన ఒకలాగా, కింద ఇంకోలాగా చదువుతుంది. ఈ మధ్య పుస్తకం చూస్తేనే కడుపునొప్పి అంటోంది. క్లాసు టీచరు లీలావతిని పిలిచి మెల్లగా చెప్పింది. పిల్ల తెలివైనదే, చదివే దగ్గరే ఏదో చిక్కుంది, అదెక్కడో పరీక్షలు చేయించి తెలుసుకుంటే దానికి తగ్గట్టు నేర్పే టీచరుని పెడతాం, పరీక్షల్లో టైము ఎక్కువిస్తాం అంది. న్యూరోసైకాలజిస్టు అనే మాట లీలావతి వినడం అదే మొదటిసారి. మెదడు ఎలా చూస్తుంది, ఎలా గుర్తుపెట్టుకుంటుంది, అక్షరాన్ని శబ్దంతో ఎలా కలుపుతుంది, ఇవన్నీ ఆటల్లాంటి పరీక్షలతో కనుక్కుంటారట. నాలుగు నెలలు ఎదురుచూస్తే గానీ అపాయింట్‌మెంట్ దొరకలేదు.

కృష్ణప్రసాద్‌కి ఇదంతా మొదటినుంచీ ఇష్టం లేదు. అవి ఐ.టి. మంచి ఊపు మీదున్న రోజులు. ప్రతి ఆదివారం కొత్తగా దిగిన తెలుగువాళ్ళ కోసం ఎవరో ఒకరి ఇంట్లో భోజనాలు ఉండేవి, అక్కడ అందరి పిల్లలూ ఏదో ఒకదాంట్లో ఫస్టే. అతను కూడా ర్యాంకుతో పైకొచ్చినవాడే. చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే టీముకి పెద్ద. "దానికి బద్ధకం. ఇక్కడ దారికి రాకపోతే జూన్‌లో గుంటూరు హాస్టల్లో వేస్తా. సీటు సంగతి రాజారావు బావ చూస్తానన్నాడు" అని తేల్చేశాడు. తొమ్మిదేళ్ళ పిల్లని సముద్రం దాటించి హాస్టల్లో వెయ్యడమనే మాట వింటేనే లీలావతి గుండె జారిపోయేది. అందుకే ఆవిడకి ఆ రిపోర్టు మీద అంత ఆశ.

డాక్టర్ నళినికి నలభై దాటి ఉంటాయి. ఆవిడ ముత్తాత ఎప్పుడో విశాఖ వైపునుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. తెలుగు ఆగి ఆగి మాట్లాడుతుంది.

"కూర్చోండి సార్, కూర్చోండమ్మా. నా తెలుగు కొంచెం సుమారే, తప్పుంటే ఏమనుకోవద్దు. పాప చాలా మంచి పాప." ఆవిడ చేతులు టేబుల్ మీద పెట్టుకుంది. "కానీ నేను రిపోర్ట్ రాయలేను."

"అంటే? మా పాపకి ఏమీ లేదనా?" కృష్ణప్రసాద్ ముందుకి వంగాడు. అతని మొహంలో వెలుగు చూసి లీలావతికి ఆశ్చర్యమేసింది.

"ఎరుపు, తెలుపు కట్టెముక్కలతో బొమ్మలు పేర్చే పరీక్ష ఉంది. పెద్ద బొమ్మలు కూడా పాప టక్కున పేర్చింది. సరే అని నేనొక కొత్త బొమ్మ ఇచ్చాను, దానికంటే ఈజీది. పేర్చలేక ఏడుపు మొహం పెట్టింది." నళిని ఆగింది. "ఇంకొకటి, అర్థం లేని మాటలు చదివే పరీక్ష. ఏ భాషలోనూ ఉండవు ఆ మాటలు. ఎందుకంటే, తెలిసిన మాట అయితే పిల్లలు గుర్తుతో చెప్పేస్తారు. తెలియని మాట అయితేనే అక్షరం కూడబలుక్కోవాలి. నేను కార్డు ఇంకా తిప్పలేదమ్మా. పాప కళ్ళు మూసుకుని అన్నీ వరసగా చెప్పేసింది."

లీలావతికి పొద్దున కదిలిన ఆ చిన్న పెదాలు గుర్తొచ్చాయి.

"పాప ఇంగ్లీషు మా సింగపూర్ పిల్లల మాదిరే ఉంటుంది. ఆ మాటలు మాత్రం వేరే యాసతో చెప్పింది," అంటూ నళిని కృష్ణప్రసాద్ వైపు చూసింది. "మీ యాసతో, సార్."

కృష్ణప్రసాద్ కుర్చీలో వెనక్కి జరిగాడు. "మా కొలీగ్ పెద్దిరాజు... వాళ్ళ మేనల్లుడి కోసం ఆ పరీక్షల కాగితాలు ఎక్కడో సంపాదించాడు. నాకు మెయిల్ చేశాడు. ఏ పరీక్షకైనా ప్రిపరేషన్ ఉండాలి కదా మేడమ్. అందులో తప్పేముంది?"

"కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు గోడ మీది అక్షరాలు బట్టీపట్టిస్తే ఏమవుతుంది సార్? కళ్ళజోడు రాదు, అంతే," అంది నళిని. ఆవిడ గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "నేర్పినవి మళ్ళీ చెయ్యడానికి ఏడాది ఆగాలి. స్కూలు అంతవరకు ఆగదు. వేరే రకం పరీక్షలున్నాయి, రెండు వారాల తర్వాత ప్రయత్నం చేస్తాను. కానీ పాప ఇప్పుడు నన్ను చూస్తేనే భయపడుతోంది. తప్పు చెప్పినా పరవాలేదని దానికి ఎవరైనా చెప్పాలి. నేను చెబితే నమ్మలేదు. నేర్పినవాళ్ళే చెప్పాలి."

తిరుగు రైల్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇంట్లో అడుగుపెట్టాక గానీ లీలావతి నోరు విప్పలేదు.

"ఎప్పుడు నేర్పారు?"

"నువ్వు శని, ఆదివారాలు సంగీతం క్లాసులకి వెళ్ళినప్పుడు."

"ఆ కట్టెముక్కలు బొమ్మలనుకున్నానండీ నేను. నాన్న దానికోసం బొమ్మలు కొన్నాడని మురిసిపోయాను కూడా!"

"మరేం చెయ్యమంటావ్?" అతను గొంతు పెంచాడు. "నా కూతురికి బుర్ర సరిగ్గా లేదని కాగితం మీద రాయించుకోమంటావా? ఒకసారి ఫైల్లో ఎక్కితే ఆ ముద్ర జన్మలో పోదు. నలుగురిలో తలెత్తుకోవద్దా?"

"మీ తల సంగతి తర్వాత. అది పుస్తకం చూసి కడుపు పట్టుకుంటోంది, దాని సంగతేంటి? దానికి ఎక్కడ నొప్పో కనుక్కుందామని నేను తీసుకెళ్తే, ఆ చోటు కనబడకుండా మీరు గుడ్డ కప్పారు!"

"గట్టిగా అరవకు. మార్కులు బాగా వస్తే దానికే కదా మంచిది..."

"మొన్న అన్నం తింటూ ఎంత ఎగిరారో గుర్తుందా?" లీలావతి అతని మాట పూర్తి కానివ్వలేదు. "మీ ఆఫీసులో ఎవరో ప్రోగ్రాం సరిగ్గా రాయకుండా, మీరు ఏ లెక్కలు పెట్టి పరీక్షిస్తారో తెలుసుకుని వాటికి జవాబులు ముందే లోపల పెట్టేశాడన్నారు. పరీక్ష పాసయింది, లోపల మాత్రం డొల్ల, రేపు బ్యాంకు మునిగితే ఎవడిది బాధ్యత అన్నారు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేయాలన్నారు. ఆ రోజు చెయ్యి కూడా కడుక్కోకుండా ఊగిపోయారు. మరి మన పిల్లకి మీరు చేసిందేంటండీ?"

పదిహేనేళ్ళ ఉద్యోగంలో కృష్ణప్రసాద్ దేన్నైతే మోసమని పిలిచాడో, దాన్నే కూతుర్ని సోఫాలో కూర్చోబెట్టి మరీ నేర్పాడు. ఆ సంగతి భార్య నోటినుంచి వినేదాకా అతనికి తట్టనేలేదు.

"అమ్మా, వై యు క్రయింగ్?"

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. గ్రిల్ తలుపు దగ్గర స్కూలునుంచి వచ్చిన కీర్తిక నిలబడి ఉంది. వీపు మీద బ్యాగు అలాగే ఉంది, ఒక జడ ఊడిపోయింది. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు.

"డాక్టర్ ఆంటీ ఏం చెప్పింది? ఐ ఫెయిల్, ఈజిట్?" దాని కళ్ళు నాన్న మీదే ఉన్నాయి. "బట్ నేను అన్నీ కరెక్టే చెప్పాను నాన్నా! వన్ ఆల్సో నెవర్ ఫర్గెట్. అన్నీ కరెక్ట్ చెబితే హాస్టల్‌కి పంపను అన్నావు కదా. ప్రామిస్ చేశావు కదా!"

లీలావతి భర్త వైపు తిరిగింది. ఈ మాట కూడా ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

"మళ్ళీ చెప్పనా నాన్నా? ఐ స్టిల్ రిమెంబర్. గ్లెబ్, ట్రిష్, వోనుక్..." కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ యూనిఫామ్ అంచుని నలుపుతూ, కీర్తిక మొదలుపెట్టింది. "స్పాంత్, బెలిమార్, క్రూబ్..."

"చాలమ్మా."

"...టుష్, నఫీన్... నాన్నా, ఐ నెవర్ ఫర్గెట్ లా, ఆగు! బస్సులో చెప్పుకుంటాను, టాయిలెట్‌లో చెప్పుకుంటాను. నాకు చదవడం రాదు కదా, మర్చిపోతే చూసుకోలేను. దట్స్ వై ఎవ్రీడే చెప్పుకుంటాను..."

"చాలు తల్లీ, చాలు!" కృష్ణప్రసాద్ నేల మీద మోకాళ్ళ మీద కూలబడి కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. బ్యాగు బరువుకి అది వెనక్కి తూలింది. బద్ధకం అన్నాడు తను. అర్థం పర్థం లేని మాటల్ని ఇల్లు వదిలి వెళ్ళాల్సి వస్తుందనే భయంతో అన్ని వారాలు మోసిన పిల్లని బద్ధకస్తురాలన్నాడు. అతని ఏడుపు చూసి కీర్తిక బిక్కచచ్చిపోయింది. నాన్న ఏడవడం అది ఎన్నడూ చూడలేదు.

ఆ సాయంత్రమే రాజారావుకి ఫోన్ చేసి హాస్టల్ సీటు వద్దన్నాడు. కీర్తిక పక్కనే నిలబడి వింది. విన్నా పూర్తిగా నమ్మినట్టు లేదు.

"ఈసారి పరీక్షలో తెలియనివి వస్తే తెలీదని చెప్పు. తప్పు చెప్పినా పరవాలేదు" అన్నాడు.

"దెన్ యు యాంగ్రీ."

"లేదమ్మా. ఒట్టు."

అది మొహం తిప్పుకుంది. పాత ప్రామిస్ సంగతి దానికి గుర్తుంది. బలవంతం చెయ్యడానికి ఈసారి అతనికి ధైర్యం చాలలేదు.

మర్నాడు శనివారం. దాన్ని వెంటబెట్టుకుని మార్కెట్‌కి వెళ్ళాడు. చేపల కొట్టు ముందు కీర్తిక ఆగి, మంచు మీద పరిచిన ఎర్ర చేపని చూపించింది. "నాన్నా, అదేం చేప?"

పుట్టి బుద్ధెరిగాక చేప తినని మనిషి. అలవాటుగా ఏదో ఒక పేరు చెప్పబోయి ఆగాడు. "తెలీదమ్మా."

"ఆ నల్లది?"

"అదీ తెలీదు."

"దిస్ వన్?" అంటూ పక్క కొట్లో నల్లగా ముడతలు పడ్డ దుంపని చూపించింది.

"అస్సలు తెలీదు."

కీర్తిక తలెత్తి అతని మొహంలోకి చూసింది. "నాన్నకి కూడా తెలీదా! సో మెనీ థింగ్స్ యు డోంట్ నో, అహ్?" అంది. చాలా రోజుల తర్వాత పకపకా నవ్వింది. ఆ తర్వాత అది వాళ్ళిద్దరికీ ఆటైపోయింది. రైల్లో, లిఫ్టులో, అన్నం దగ్గర అది అడగడం, తెలియనిదానికి అతను తెలీదనడం. వంటింట్లోంచి లీలావతి వింటూనే ఉండేది. భర్తకి అన్నం వడ్డించేది, అడిగినదానికి జవాబు చెప్పేది, అంతకు మించి మాట్లాడేది కాదు. అతను కూడా మాట్లాడమని అడగలేదు.

రెండు వారాలు గడిచాయి. పరీక్ష గదిలోకి వెళ్ళే ముందు కీర్తిక అతని చొక్కా పట్టుకుంది.

"నిజంగా తెలీకపోతే?"

"నేను చేపల దగ్గర ఏం చెప్పాను?"

కాసేపు ఆలోచించి, చొక్కా వదిలి లోపలికి వెళ్ళిపోయింది. దాని వెనకే తలుపు మూసుకుంది.

బయట కుర్చీల్లో ఇద్దరూ కూర్చున్నారు. లోపలినుంచి నళిని గొంతు సన్నగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. తర్వాత నిశ్శబ్దం. కృష్ణప్రసాద్ కుర్చీ అంచు పట్టుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో లోపల కూతురు కళ్ళు మూసుకుని మళ్ళీ ఏం తడుముకుంటోందో అని అతని ప్రాణం కొట్టుకుంది. ఏ పరీక్షకీ అతను ఇంతగా భయపడింది లేదు.

అప్పుడు వినిపించింది కీర్తిక గొంతు, గట్టిగా, స్పష్టంగా.

"ఐ డోంట్ నో, ఆంటీ!"

నళిని ఏదో అంది. కాగితం తిప్పిన చప్పుడైంది.

"దిస్ వన్ ఆల్సో ఐ డోంట్ నో. బట్ కెన్ ట్రై."

తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, తడబడుతూ, మళ్ళీ మొదటికొస్తూ కూతురు చదవడం వినిపించింది. తప్పులే అన్నీ. కానీ ఆ గొంతులో అతని యాస లేదు, వణుకు లేదు. కృష్ణప్రసాద్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ర్యాంకు వచ్చినరోజు కూడా అతనికి ఇంత ఏడుపు రాలేదు.

పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి అతని వీపు మీద ఆగింది. రెండు వారాల తర్వాత లీలావతి తనంతట తానుగా మాట్లాడింది.

"వింటున్నారా?" అంది ఏడుస్తూనే. "మన పిల్ల చదువుతోందండీ."