గుంతల కాలు పెట్టిన ద్రౌపది

సోలాపూర్ జోడ్‌భావి పేట్ల దీపాలు పెట్టినంక ఆ గల్లీ దిక్కు ఎవరు పోయేటోళ్లు గాదు. గల్లీ చివర ఒక పాత కార్ఖానా ఉండె. సేటు పవర్లూములు పెట్టుకొని కుమఠా నాకాకు పోయిండు. ఒక్క గుంత మగ్గాన్ని, సగం నేసిన తువ్వాలతోటి, అక్కడ్నే ఇడిసిపెట్టిండు. లోపల మనిషి లేడు. రాత్రయితే మాత్రం... టక్, టక్, టక్. తలుపు సందుల నుంచి చూసినోళ్లు ఆడదయ్యమన్నరు.

పందొమ్మిది వందల యాబై నాలుగుల ముచ్చట ఇది. నేను చూడలే, మా చంద్రభాగత్త చెప్పింది. ఆమె మాట మీద నమ్మకం లేనోళ్లు ఇక్కడ్నే లేచిపోవచ్చు.

సిద్ధరాములు బిడ్డ ద్రౌపది, పదిహేనేండ్ల పిల్ల. పొద్దంత రాట్నం మీద నూలు కండెలు సుట్టేది, కండ్లు మాత్రం బాపు మగ్గం మీదనే. నేసేటోడు గుంతల కాళ్లు పెట్టి కూసోవాలె గదా — ఆ గుంతల ఆడది కాలు పెట్టొద్దని సాలోళ్ల ఇండ్లల్ల కట్టుబాటు. పెడితే పోగులు తెగుతయంట. పోగులకేం తెలుసు, కాలు ఎవరిదో.

ఒకనాడు సిద్ధరాములు చెప్పేసిండు. "రేపటి సంది బీడీల కార్ఖానాకు పో."

అక్కడికి పోయిందంటే మగ్గం ఆశ మన్నువడ్డట్టే. ద్రౌపదికి ఏడ్పొచ్చింది. ఏడ్సుకుంటనే ఆలోచన చేసింది. సోలాపూర్ మొత్తంల మగ్గం మీద కూసునే ఆడది తనకు తెలిసి ఒక్కతే. అది దయ్యమైతే ఏంది?

ఆ రాత్రి కందిలి పట్టుకొని పోయింది.

తలుపు నూకింది... మగ్గం మోగుతనే ఉన్నది. నడుం దాక మనిషే. కాళ్లు గుంతల ఉన్నయి, కనవడ్తలేవు. ద్రౌపది వంగింది... కందిలి కిందికి దించింది... మడమలు ముందలికి, వేళ్లు వెనకకు.

కందిలి మళ్ల పైకెత్తింది.

"ఉరుకు," అని గుసగుసలాడింది దయ్యం. "అందరు ఉరుకుతరు."

"ఉరికితే... నాకెవరు నేర్పుతరు, పెద్దమ్మా?"

పోగుల నడుమ అటు ఇటు ఉరికే నాడె ఆగింది.

"నాకు గూడ ఎవరు నేర్పలే, బిడ్డా. సచ్చినంక నేర్చుకున్న. అప్పుడు అడ్డం వచ్చేటోడు లేడు గదా."

"నాకు అంత టైం లేదు. పొద్దుగాల బీడీలకు పోవాలె."

దయ్యం నవ్విందంట — మగ్గం కీళ్లు కిర్రుమనేదాక నవ్విందంట. జరిగి జాగ ఇచ్చింది. ద్రౌపది గుంతల కాలు పెట్టింది... ఒక్క పోగు తెగలే. దయ్యం కాళ్లు చూసి గుంతల పలకలు తొక్కితే మాత్రం అన్నీ ఉల్టా అయినయి. "నా కాళ్ల దిక్కు చూడకు పిల్లా, చేతులు చూడు," అని నెత్తి మీద మొట్టిందామె. ఇద్దరు కడుపులు పట్టుకొని నవ్విన్రు.

తెల్లారింది. పట్టపగలు మగ్గం మోగుతుంటే గల్లంత యాపమండలు పట్టుకొని వచ్చింది. లోపల ద్రౌపది ఒక్కతే నేస్తున్నది. సిద్ధరాములు జనాన్ని నూక్కొని లోపలికొచ్చిండు. వంగి తువ్వాల అంచు పట్టి చూసిండు, వేలుతోటి రాసి చూసిండు. తప్పు దొరకలే.

"ఎవరు నేర్పిన్రు?"

"ఇక్కడామెనే, బాపూ."

సిద్ధరాములు తువ్వాల అంచు ఇడిసిపెట్టిండు. "మరి... ఇంట్ల కండెలెవరు సుట్టాలె?"

"నువ్వు సుట్టు," అన్నది, నాడె ఆపకుంటనే.

వెనకున్న ఆడోళ్లు నోట్ల కొంగులు కుక్కుకున్నరు. సిద్ధరాములు ఇంటికి పోయి రాట్నం ముంగట కూసున్నడు. అప్పుడు ఆ ఆడోళ్లల్ల నుంచి పక్కింటి గంగమ్మ మెల్లగ ముందలికి వచ్చి, ద్రౌపది చెవుల అడిగింది. "రాత్రికి నన్ను గూడ ఈడికి తీస్కొస్తవా?"

ఆ రాత్రి గంగమ్మ పోయింది, తెల్లారి ఎల్లమ్మ. ఆ తెల్లారి ఇంకొకామె, ఆమె ఇద్దరు బిడ్డలు...

ఇప్పటికీ చీకటి పడ్డంక ఆ కార్ఖానా ముంగట నిలబడితే, మగ్గం సప్పుడు, ఆడపిల్లల నవ్వుల నడుమ ఆ దయ్యం గొంతు సన్నగ ఇనవడ్తదంట —

"నా వంతు ఎప్పుడొస్తదే?"