అత్తగారు నిద్రలేవాలి

చీఫ్ తలుపు గడియ వేసి, జేబులోంచి పిడికెడు నల్ల ఇసుక తీసి బల్లమీద పోశాడు.

"ఏజెంట్ మిడతా, ఏమిటిది?"

"ఇసుక, సార్."

"ఇసుకేనయ్యా. కానీ ఇందులో ఉన్న ఖనిజం లేకపోతే మోటారు తిరగదు, మిసైల్ ఎగరదు. అందుకే సర్కారు తప్ప ఎవరూ తవ్వకూడదు, అమ్మకూడదు. ఓ విదేశీ ముఠా దీన్ని మామూలు ఇసుకని చెప్పి ఓడలెక్కిస్తోంది. పోర్టు గేటులో రేడియేషన్ పసిగట్టే మిషన్ ఉంది, ఇది దాటితే కూయాలి. కూయట్లేదు. ఎందుకో కనుక్కో. ముఠాలో మన మనిషి ఒకావిడ ఉంది. కోడ్ వర్డ్, 'అత్తగారు నిద్రపోయారా?' అత్తగారంటే ఆ గేటే."

మర్నాడు మిడత నూనె మరకల చొక్కాతో, అంటించిన మీసంతో, లారీ క్లీనర్ వేషంలో యార్డుకి వెళ్ళాడు. నల్ల కళ్ళద్దాల సుందరి ఎదురొచ్చింది.

"అత్తగారు నిద్రపోయారా?"

"గురక కూడా పెడుతున్నారు. కంటైనర్‌లోకి రా, చూపిస్తా."

వెళ్ళాడు పాపం. అంతటి ఏజెంటుకీ అత్తరు వాసన తగిలితే బుర్ర పనిచేయదు మరి! లోపల బస్తాలు, గోడల నిండా సీసం రేకులు. మిషన్ నోరు నొక్కింది ఇవన్నమాట! వెనక్కి తిరిగేసరికి ఆవిడ చేతిలో పిస్టల్. అంతలో ధన్‌మని తలుపు పడింది. బయట బోల్టు బిగిసింది.

"ఏయ్, నేనింకా లోపలే ఉన్నాను!" అని అరిచింది ఆవిడ, పిస్టల్ పడేసి తలుపు బాదుతూ.

"తెలుసు మేడమ్," అన్నాడు బయటినుంచి ముఠా బాస్. "రెండు పక్కలా పనిచేసే మనిషితో నాకు పనిలేదు. ఓడ ప్రయాణం హాయిగా చెయ్యండి."

లారీ కదిలింది. పెనం మీద కూర్చున్నట్టుంది లోపల. ఊపిరి బరువెక్కుతోంది. సీసం గోడల మధ్య ట్రాన్స్‌మిటర్ పెన్ను ఉత్త పెన్నైపోయింది.

"ఓడలో తలుపు ఎప్పుడు తీస్తారు?"

"అవతలి ఒడ్డు చేరాక. అప్పటికి ఎండుచేపలమే."

గోడ పైభాగాన గాలి చిల్లులున్నాయి, వాటిమీదా రేకే. మిడత బస్తాలెక్కి పీకాడు. గోళ్ళు విరిగాయి.

"మీ జడపిన్ను ఇవ్వండి."

"నన్ను నమ్ముతావా?"

"నమ్మకం సంగతి బయటికెళ్ళాక చూద్దాం. ముందు పిన్నివ్వండి!"

రేకు మూల లేచింది. వెలుగు పడింది. ఆవిడ ఆబగా ముక్కు అక్కడ పెట్టింది.

"జరగండి మేడమ్. లారీ ఆగింది, గేటొచ్చినట్టే. ఇసుక బయట పడితేనే అత్తగారికి మెలకువ."

బస్తా చింపి ఇద్దరూ దోసిళ్ళతో చిల్లుల్లోంచి తోశారు. బయట సన్నటి ధారగా రాలుతోంది. మిషన్ పలకలేదు. "రైట్ రైట్!" అని ఎవరో అరిచారు. లారీ కదిలింది. ఆవిడ ఏడుస్తూనే తోస్తోంది. మిడత తన చొక్కా చేతుల్లో చేరిన ఇసుకంతా చిల్లులోకి దులిపాడు.

కుయ్యిమంది గేటు!

"లేచారమ్మా అత్తగారు," అంటూ మిడత బస్తాల మీద కూలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. లారీ ముందు సీట్లో కూర్చున్న బాస్‌కీ, లోపలున్న మేడమ్‌కీ గేటు పోలీసులు ఒకే బేడీ వేశారు. దారంతా ఒకరినొకరు తిట్టుకున్నారు.

చీఫ్ ఎదురొచ్చి కౌగిలించుకోబోయి ఆగాడు. "బూట్లు, జేబులు ఇక్కడే దులుపు. ఆ ఇసుక పర్మిట్ లేకుండా పిడికెడు దగ్గరుంచుకున్నా నేరమే."

"అలాగే సార్," అన్నాడు మిడత, మీసం పీకి దులుపుతూ. "మరి మీ బల్లమీదున్న పిడికెడో?"