స్పిరిట్ తగిలినా పగలని ప్లేటు

చచ్చిపోయిన కొంగ ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. ఊపిరితిత్తులు మాత్రం లోపల్లోపలే కాలిపోయాయి.

"నేమ్ ప్లేట్లు చెక్కే వర్క్‌షాపులో దొరికాడు," అన్నాడు చీఫ్, ఏజెంట్ కొంగ ఫోటోను బల్ల మీద బోర్లిస్తూ. "లేజర్ కింద అక్రిలిక్ షీట్‌కు బదులు ఎవరో అలాగే కనిపించే పీవీసీ ప్లాస్టిక్ పెట్టారు. అది కాలితే వచ్చేది పొగ కాదు, యాసిడ్ ఆవిరి. విదేశీ ముఠా రిహార్సల్ అది. ఇవాళ అదే షాపు పైఅంతస్తులో మన మిస్సైల్ సైంటిస్టుల మీటింగ్. మెషీన్ పొగగొట్టాన్ని హాలు ఏసీలోకి తిప్పారని అనుమానం."

"మీటింగ్ ఆపేస్తే పోలా?" అన్నాడు ఏజెంట్ ఉడత.

"ఆపితే ముఠా మనిషి దొరకడు. ఆ షాపులోనే పనిచేస్తూ మన ఏజెంట్ నెమలి ఉంది, మూడేళ్లుగా. నువ్వు ప్లేట్లు తుడిచేవాడివి. వెళ్లు."

మాసిన ఏప్రన్, గ్లవుజులు, మాస్కు. చెక్కిన అక్షరాల్లో ఇరుక్కున్న తెల్లటి పొడిని ఉడత మెత్తటి గుడ్డతో తీస్తున్నాడు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. గోడలో ఫ్యాను రొద.

"స్పిరిట్ సీసా జోలికెళ్లావో, చేతులు విరగ్గొడతా!" ఆపరేటర్ బాబాయ్ అరిచాడు. "లేజర్ వేడి తిన్న అక్రిలిక్‌కి స్పిరిట్ తగిలితే వెంట్రుకల్లాంటి పగుళ్లిస్తుంది. సబ్బు నీళ్లే వాడు."

"పెళ్లికి ముందు కూడా ఇంత జాగ్రత్తేనా బాబాయ్?"

"అప్పుడే జాగ్రత్తపడుంటే ఈ పొగ మింగే ఖర్మేంట్రా!"

హైహీల్స్ టకటకలాడాయి. పట్టు స్కార్ఫు, ఖరీదైన సెంటు. నెమలి.

"పొగ మరక వదల్లేదా?" అంది.

"నీడలో ఆరాక వదులుతుంది." కోడ్ కలిసింది.

ఆమె బాబాయ్ వైపు తిరిగింది. "మీటింగ్ బోర్డుకి షీట్ మెషీన్‌లో పెట్టేశా. స్టార్ట్ చెయ్."

"శాంపిల్ చూడందే పెద్ద షీట్ ముట్టుకోను. నీకు తెలీదా అమ్మాయ్?"

నెమలి విసుగ్గా బ్యాగులోంచి, అదే రకం షీట్ మీద ముందే చెక్కిన చిన్న ప్లేటు తీసింది. అక్షరాల నిండా జిగురులాంటి గోధుమరంగు మసి. దూదిని స్పిరిట్‌లో తడిపి రెండు దెబ్బల్లో తుడిచేసి, అతని ముందు పెట్టింది.

"స్పిరిట్టా? నీకేమన్నా..." బాబాయ్ ప్లేటు పైకెత్తి చూశాడు. ఒక్క పగులూ లేదు. "ఊఁ, అదృష్టవంతురాలివి." బటన్ నొక్కాడు.

ఉడత గుడ్డ పక్కన పెట్టి ఆ ప్లేటు వైపు చూశాడు. ఇన్నేళ్లు బాబాయ్ తిట్లు తిన్న మనిషి, జంకు లేకుండా స్పిరిట్ వాడింది. అంటే అది అక్రిలిక్ కాదని, పీవీసీ అని ఆమెకి ముందే తెలుసు. కొంగను చంపింది ఆ ప్లేటు చెక్కినప్పుడు లేచిన ఆవిరే; ఇప్పుడు మెషీన్‌లో ఉన్నదీ అదే.

"ఆపు బాబాయ్!"

నెమలి ముఖానికి అప్పటికే గ్యాస్ మాస్కు. చేతిలో పిస్టల్. "ఎవరూ కదలొద్దు."

తెర మీద అంకెలు: మూడు... రెండు... లేజర్ తల షీట్ మీదికి జారింది. ఉడత మెషీన్ మీదికి దూకి మూత పైకి ఎత్తేశాడు. మూత లేస్తే కిరణం దానంతటదే ఆరిపోతుంది. ఆరిపోయింది. పేలిన గుండు మూత అద్దాన్ని తునకలు చేసింది. రెండో గుండు పేలేలోపు బాబాయ్ చేతిలోని ఇనుప స్కేలు ఆమె మణికట్టు మీద పడింది.

పిస్టల్ కింద పడింది. పైన హాల్లో సైంటిస్టులు దేనికో చప్పట్లు కొడుతున్నారు.

ఉడత ఆమె చేతులకు బేడీలు వేసి, తన ఐడీ కార్డు చూపించాడు. బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు.

"నువ్వు ఏ ఏజెంటువైనా కానీ అబ్బాయ్, నడుస్తున్న మెషీన్ మూత తెరిచావ్. రేపట్నుంచి పనిలోకి రాకు."